పట్టాలను తాకని రైల్లో

షాంఘై నగరంలో లాంగ్‌యాంగ్ రోడ్ స్టేషన్ నుంచి పుడాంగ్ విమానాశ్రయానికి 30 కిలోమీటర్లు. ఆ దూరం నడిచే మాగ్లెవ్ రైలుకు చక్రాలు లేవు. మా అన్నయ్య కొడుకు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. నన్ను విమానం ఎక్కించడానికి వస్తూ "టాక్సీ ఎందుకు బాబాయ్, ఇందులో పోదాం" అన్నాడు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు అంతకన్నా ఏం కావాలి!

స్టేషన్ బయటే ఆగి పైకి చూశాను. కాంక్రీటు స్తంభాల మీద పొడుగాటి దూలం. రైలు పెట్టె అంచులు రెండు పక్కలా కిందికి దిగి, దూలం అంచుల అడుగుకు మడిచినట్టు ఉన్నాయి. కిటుకంతా ఆ మడతలోనే ఉంది.

"అయస్కాంతాలు రైలును పైకి నెడతాయి కదా బాబాయ్?"

"నెట్టడం కాదురా, లాగడం. ఆ మడతలో విద్యుదయస్కాంతాలున్నాయి. దూలం అడుగునున్న ఇనుము వాటిని పైకి లాక్కుంటుంది. వాటితో పాటే రైలూ లేస్తుంది."

"మరి వెళ్లి అతుక్కుపోదా?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఇనుముకు దగ్గరైన కొద్దీ లాగుడు పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. మామూలు అయస్కాంతమైతే రైలు పైన అతుక్కోవాలి, లేదా కింద పడాలి. తీగచుట్టతో చేసిన అయస్కాంతం బలం మాత్రం అందులో పారే కరెంటును బట్టి ఉంటుంది. ఇనుముకూ అయస్కాంతానికీ మధ్య సుమారు 10 మిల్లీమీటర్ల సందును సెన్సర్లు ఎడతెగకుండా కొలుస్తుంటాయి. సందు తగ్గితే కరెంటు తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది. ఇది సెకనుకు వేలసార్లు జరుగుతుంది. అంత బరువును గాల్లో నిలబెడుతున్నది ఈ అదుపే. విద్యుదయస్కాంతం గొప్పతనం బలంలో కన్నా, చెప్పినట్టు వినడంలోనే ఉందని నా అభిప్రాయం.

ముందుకు నడిపేదీ అదే సూత్రం. మోటారులో గుండ్రంగా ఉండే చుట్టలను విప్పి దూలం పొడవునా పరిచారనుకోండి. వాటిలో అయస్కాంత క్షేత్రం అలలా సాగుతుంటే, రైలు దాని వెంట పోతుంది.

బయల్దేరాం. తెర మీద వేగం అంకెలు చకచకా మారి గంటకు 300 కిలోమీటర్ల దగ్గర నిలిచాయి. ఒకప్పుడు ఇదే రైలు 431 వరకూ వెళ్లేది. చప్పుడే ఉండదనుకుంటారు చాలామంది. గాలి హోరు ఉంది, కాళ్ల కింద సన్నటి అదురూ ఉంది. మలుపులో పెట్టె ఒరిగితే కిటికీలో హైవే ఏటవాలుగా కనిపించింది. ఎదురు రైలు దాటినప్పుడు ధనామని ఒక్క గుద్దు, అంతే.

"కరెంటు పోతే?" అన్నాడు మావాడు.

ఊళ్లో మన మోటారు స్టార్టర్ గుర్తుచేశాను. పచ్చబటన్ నొక్కగానే టక్కుమని పట్టేది విద్యుదయస్కాంతమే. కరెంటు పోతే కాయిల్ పట్టు వదిలేస్తుంది, మోటారు ఆగుతుంది. కరెంటు తిరిగి వచ్చినా, మళ్లీ నొక్కందే తిరగదు. అక్కడ వదిలేయడమే రక్షణ. ఇక్కడ వదిలేయకూడదు కనుక, రైలును కాసేపు లేపి ఉంచడానికి పెట్టెల్లోనే బ్యాటరీలుంటాయి. స్టార్టర్ ఒక్కటే కాదు, కాలింగ్ బెల్, స్పీకరు, వాషింగ్ మెషీన్‌లోకి నీళ్లు వదిలే వాల్వు, అన్నిటిలోనూ ఈ తీగచుట్టే.

ఈ తీగచుట్ట కథ పాతదే. విలియం స్టర్జన్ 1825లో 200 గ్రాముల ఇనుముకు తీగ చుట్టి, 4 కిలోల బరువు ఎత్తి చూపించాడు. ఈ రైలు ఆలోచనకు హెర్మన్ కెంపర్ 1934లో పేటెంటు పొందాడు. ఆయన దేశం జర్మనీ మాత్రం బెర్లిన్–హాంబర్గ్ మాగ్లెవ్‌ను 2000లో వదులుకుంది. జర్మన్ల పరిజ్ఞానం షాంఘైలో పరుగెడుతోంది. ఆ సంగతి తలచుకుంటే నాకు బాధే.

పది నిమిషాల లోపే విమానాశ్రయం వచ్చేసింది.

విద్యుదయస్కాంతాన్ని చూడటానికి షాంఘై దాకా వెళ్లనక్కర్లేదు. మీ పిల్లల చేతికి ఒక ఇనుపమేకు, ఎనామిల్ రాగి తీగ, టార్చి సెల్లు ఇవ్వండి. మేకుకు తీగ చుట్టి, తీగ చివర్ల మీది పూత గీకి సెల్లుకు కలిపితే మేకుకు గుండుసూదులు అతుక్కుంటాయి, తీసేస్తే రాలతాయి. తీగ త్వరగా వేడెక్కుతుంది, ఎక్కువసేపు కలిపి ఉంచనివ్వకండి.