మంగమారిపేట రాళ్ల దాకా

తీరానికి ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో, సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న సికింద్రాబాద్‌లో స్కూబా డైవింగ్ నేర్పుతారంటే మా చుట్టాలెవరూ నమ్మలేదు. నిజానికి సగం చదువు ఇక్కడే అయిపోతుంది. పాఠాలు గదిలో, సాధన ఈతకొలనులో. మిగతా సగానికే సముద్రం కావాలి. వీటితో పాటు, ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, దేన్నీ పట్టుకోకుండా 10 నిమిషాలు నీటి మీద తేలాలి. ఎంత వేగంగా ఈదామన్నది ఎవరూ చూడరు కానీ, ఈ రెండూ రాకపోతే సర్టిఫికెట్ రాదు.

మాది ఏ.ఎస్. రావు నగర్. 1967లో మొదలైన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే మా కాలనీకి పెట్టారు. ఆయనది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. ఆ సంస్థలో చేసి రిటైరైన పెద్దలు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల ముందు ఏ యంత్రం మాటెత్తినా దాని లోపలి సంగతి తేలేదాకా వదలరు. ఈతకొలనుకు బయల్దేరుతుంటే పక్కింటి బాబాయిగారు గేటు దగ్గరే ఆపారు.

"ఆ ఆక్సిజన్ సిలిండర్ ఎంతసేపు వస్తుందమ్మా?"

"ఆక్సిజన్ కాదు బాబాయిగారూ, మనం పీల్చే మామూలు గాలే. వట్టి ఆక్సిజన్ అయితే 6 మీటర్లు దాటాక ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది."

ఇక ఆయనకు లెక్క కావాల్సి వచ్చింది. సిలిండర్ లోపలి చోటు 11 లీటర్లు, గాలి ఒత్తిడి 200 బార్, అంటే 2,200 లీటర్ల గాలి. మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే గంటా యాభై నిమిషాలు. అది గట్టు మీద కూర్చుని పీలిస్తే. 10 మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపవుతుంది కనుక ఒక్కో గుక్కకీ రెట్టింపు గాలి పోతుంది, 20 మీటర్ల దగ్గర మూడింతలు. పేపరు అంచు మీద ఇదంతా వేసుకుని, "అయితే కంగారు పడేవాడికి గాలి ముందే అయిపోతుందన్నమాట" అన్నారాయన. మా పుస్తకం ఒక అధ్యాయం పొడుగునా చెప్పిన విషయాన్ని గేటు దగ్గరే తేల్చేశారు.

ఈతకొలను పాఠాల్లో నన్ను పట్టి కుదిపింది మాస్క్ తీసే పాఠం. అడుగున మోకాళ్ల మీద కూర్చుని మాస్క్ పూర్తిగా తీసెయ్యాలి, ఒక నిమిషం అలాగే ఊపిరి పీలుస్తూ ఉండాలి, మళ్లీ పెట్టుకుని లోపలి నీళ్లు బయటికి పంపాలి. గాలి నోటిలోని రెగ్యులేటర్ నుంచి వస్తూనే ఉంటుంది, లోటేమీ లేదు. అయినా ముక్కుకి నీళ్లు తగలగానే గొంతు దానంతట అది మూసుకుంటుంది. పుట్టినప్పటి నుంచీ ముక్కూ నోరూ కలిసే పనిచేశాయి, ఇప్పుడు వాటిని విడదీయమంటే శరీరం ఒప్పుకోదు. గురువుగారు ఎదురుగా కూర్చుని తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించేవారు. ఆయన చెయ్యి మసకగా కనిపిస్తుంటే, దాని వెంబడే నా ఊపిరి నడిచేది. తర్వాత మాస్క్ పెట్టుకుని, పై అంచును నుదుటికి నొక్కి, తల కాస్త ఎత్తి, ముక్కుతో గట్టిగా వదిలితే నీళ్లు కింది అంచు నుంచి పోతాయి. ఎంత తేలికైన ఉపాయం! అది చేతికొచ్చిన రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాను.

ఈ రెగ్యులేటర్ పుట్టుక కూడా నన్ను వదలలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లో పెట్రోలు దొరక్క కార్లను గ్యాసుతో నడిపేవారు. ఇంజనుకు ఎంత కావాలో అంతే గ్యాసు వదిలే కవాటం తయారుచేసిన ఇంజనీరు ఎమిల్ గాన్యాన్. నౌకాదళ అధికారి జాక్ కూస్తో ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లి, ఆ కవాటం మనిషికి పనికొస్తుందా అని అడిగాడు. 1943లో ఇద్దరూ కలిసి దాన్ని నీటిలో పరీక్షించారు. పీల్చినప్పుడే గాలి వస్తుంది, చుట్టూ నీటి ఒత్తిడి ఎంతుంటే అంత ఒత్తిడితో వస్తుంది. నా నోట్లో ఉన్నది ఆ కారు కవాటం మనవరాలే.

కొలను పాఠాలు అయ్యాక గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ, అక్కణ్నుంచి రుషికొండ తీరం. మొదటి రోజంతా ఒడ్డుకు దగ్గరగా, ఇసుక నేల మీద, కొలనులో చేసినవే మళ్లీ చేయడంతో సరిపోయింది.

రెండో రోజు నీటి అడుగునున్న రాళ్ల దగ్గరికి వెళ్లడానికి ఫైబర్ బోటు ఎక్కాం. నేను ఇన్ని పేజీలు రాయడానికి కూర్చున్నది ఆ బోటు నడిపిన పెద్దాయన కోసమే. అందరూ మామ అంటారు, నేనూ అలాగే పిలిచాను. తొట్లకొండ కింద ఉన్న మంగమారిపేట ఆయనది. గురువుగారు నేవీలో చేసి వచ్చిన మనిషి, చేతిలో జీపీఎస్ ఉంది. కానీ ఇంజను ఆపమనే మాట ఆయన అనలేదు. మామ వైపు చూస్తూ కూర్చున్నారు. మామ సముద్రం వైపు చూడనే లేదు. ఒడ్డుకేసి చూస్తూ బోటును ఇటో మూర, అటో మూర జరుపుతున్నాడు.

"అల్లదిగో తొట్లకొండ. ఆ కొండ కొన ఆ తాటిచెట్ల మీదికి రావాల. ఇప్పుడిటు సూడమ్మా, రుషికొండ. ఆ కొండ భుజం, దాని ఎనకాలి కొండ ఒకదాని మీద ఒకటి ఎక్కాల. రెండు గుర్తులూ కలిసిన కాడే రాళ్లు."

ఇంజను ఆగింది. లంగరు తాడు జారి, తగిలిన చోట నిలబడింది. గురువుగారు జీపీఎస్ నా వైపు తిప్పారు: కిందటిసారి గుర్తు పెట్టుకున్న చుక్క మీదే ఉన్నాం. ఆ చుక్క పెట్టించింది కూడా మామేనట. తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారం ఉంది. అప్పట్లో ఓడలు నడిపినవాళ్లకూ ఆ కొండ ఇలాగే గుర్తుగా నిలిచి ఉంటుందని నాకనిపించింది. తాతకి వాళ్ల తాత చెప్పిన గుర్తులు మామకి పదుల కొద్దీ తెలుసు. ఎక్కడా రాసిపెట్టలేదు. తీరం పొడుగునా ఇలాంటి మనుషులున్న రాష్ట్రంలో డైవింగ్ ఇంకా వేడుకగానే మిగిలిపోవడం నాకు నచ్చలేదు. ఈ పని ముందు వాళ్ల పిల్లల చేతికి రావాలి.

బోటు అంచున కూర్చుని వెనక్కి పడ్డాం. ప్రతి మీటరుకీ ముక్కు మూసి చెవుల్లోకి గాలి ఊదుతూ, లంగరు తాడు వెంట దిగాం. బంగాళాఖాతం నీళ్లు అండమాన్ ఫొటోల్లోలా ఉండవు. ఆకుపచ్చగా, పిండి కలిపినట్టు ఉంటాయి; ఐదారు మీటర్ల అవతల ఏమీ తెలియదు. అందుకే రాళ్లు కనిపించలేదు, ఎదురయ్యాయి. ఒక్కసారిగా ముఖం ముందు గోడ, గోడ నిండా ప్రాణం. చీలికలో మలుగు నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. చారల రెక్కలు విప్పుకుని లయన్‌ఫిష్ ఒకటి కదలకుండా నిలబడింది. దాని ముళ్లలో విషం ఉంటుంది కనుక గురువుగారు చేయి అడ్డం పెట్టారు. రాయి మొత్తం బూడిద, గోధుమ రంగుల్లోనే ఉందనుకున్నాను. నీళ్లు ముందుగా మింగేది ఎరుపునే. నా కాళ్లకున్న ఫిన్స్ మీది ఎర్ర గీతలు కూడా అప్పటికే మట్టి రంగుకు తిరిగాయి. అప్పుడు గురువుగారు టార్చి వెలిగించి రాతి మీదికి తిప్పారు. వెలుగు పడినంత మేరా కుంకుమ ఎరుపు, నారింజ, ఊదా! స్పాంజీలు, మెత్తని పగడాలు. టార్చి కదిలితే రంగులూ దాని వెంట కదిలాయి. ఆయన దగ్గర టార్చి అడిగి పుచ్చుకుని అడుగడుగునా వెలిగించుకుంటూ పోయాను.

ఒక పక్క రాతికి తెగిన నైలాన్ వల చుట్టుకుని ఉంది. దాంట్లో చిక్కుకున్న పీత ఇంకా కాళ్లాడిస్తోంది. గురువుగారు కత్తితో ఒక్కో కన్నూ కోసి దాన్ని వదిలి, చేతికి వచ్చినంత వల చుట్టి సంచిలో వేశారు. పైకి తెచ్చాక మామ ఆ వలకన్నులో రెండు వేళ్లు దూర్చి కొలిచి, "ఇది మా పేట వల కాదు. ఎవుడిదో గానీ, ఆడి సొమ్ము ఏలల్లో పోయుంటాది" అన్నాడు. మందలించలేదు, బాధపడ్డాడు.

దిగడం కన్నా ఎక్కడమే నిదానంగా సాగాలి. మన చిన్న బుడగల కన్నా ముందు మనం పోకూడదు. 5 మీటర్ల దగ్గర తాడు పట్టుకుని 3 నిమిషాలు ఆగాలి. ఒత్తిడిలో రక్తంలోకీ కండల్లోకీ కరిగిన నైట్రోజన్ ఊపిరితో మెల్లగా బయటికి పోవడానికి ఆ వ్యవధి. తొందరపడితే అదే ఒంట్లో బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులతో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. నీళ్లలోంచి బయటపడ్డాక కూడా లెక్క అయిపోదు. ఒకటికి మించి డైవ్‌లు చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. కొండలూ ఎక్కకూడదు.

మర్నాడు అరకు పోదామని మా బృందంలో అందరం అనుకున్నవాళ్లమే. అరకు 900 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తున గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఒంట్లో మిగిలిన నైట్రోజన్‌కి ఆ మాత్రం సందు చాలు. 300 మీటర్లు దాటిన ఏ చోటైనా డైవర్ల లెక్కలో ఎత్తు ప్రదేశమే. ఉదయం రుషికొండలో మునిగి మధ్యాహ్నం కారులో అరకు ఘాట్ ఎక్కే పర్యాటకులకు ఈ సంగతి ముందే, గట్టిగా చెప్పాలి. మేం కొండ ప్రయాణం మానుకున్నాం. "అయితే మా ఇంటికి రండి, అన్నం తిని ఎల్లండి" అన్నాడు మామ.

ఆ భోజనం అరకు పోనందుకు దక్కింది. మామ ఇంటి వెనక కట్టెల పొయ్యి మీద అత్త చింతకాయ నెత్తళ్లు వండుతోంది. పచ్చి చింతకాయలు ఉడకబెట్టి, చేత్తో పిసికి, గుజ్జు వడగట్టింది. మట్టి దాకలో నూనె, ఉల్లిపాయలు, నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయలు, పసుపు. గుజ్జు పోసి అది తెర్లాక నెత్తళ్లు వేసింది. గరిటె పక్కన పెట్టేసింది. వేలెడంత చేపలు, గరిటె తగిలితే చితికిపోతాయి. గుడ్డతో దాక అంచులు రెండూ పట్టుకుని, ఎత్తీ ఎత్తకుండా గుండ్రంగా తిప్పింది. పులుసు ఒక చుట్టు తిరిగి, చేపల మీదికి ఎక్కి, సర్దుకుంది. మళ్లీ కాసేపటికి ఇంకో తిప్పు. వేడన్నంలోకి ఆ పులుపు, దాని వెనక సముద్రపు ఉప్పు. ముల్లు తీయనక్కర్లేదు, నములుతుంటేనే కరిగిపోతుంది. హోటళ్లలో నేను తిన్న చేపల పులుసులన్నీ మసాలా రుచే. చేప రుచి ఏమిటో ఆ పూట తెలిసింది.

మామ మనవరాలు ఆరో తరగతి. నా పక్కనే కూర్చుని అన్నం కలుపుకుంటూ, తను అరవై లెక్కపెట్టేదాకా నీళ్లలో ఊపిరి బిగబట్టగలనంది.

"సిలిండర్‌తో దిగితే అస్సలు బిగబట్టకూడదమ్మా. మొదటి నియమమే అది."

"బిగబట్టకపోతే మునిగేదెలా?"

బాబాయిగారి లెక్కే ఆ పిల్లకీ చెప్పాను. 10 మీటర్ల లోతున ఛాతీ నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. నోరు మూసుకుని పైకొస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి. నువ్వు బిగబట్టేది పైన పీల్చిన గాలి కాబట్టి అది కిందికి పోతే కుదించుకుంటుంది, తిరిగొచ్చాక మామూలవుతుంది. నీకు భయం లేదు. సిలిండర్ గాలి అలా కాదు. పిల్ల చెయ్యి కంచంలో ఆగిపోయింది. కాసేపటికి, "అయితే వదుల్తా రావాల" అంది. అంతే.

"ఆ రాళ్ల కాడ మీ గడియారం ఎంత లోతు సూపింది?" అన్నాడు మామ.

"11 మీటర్లు."

"ఆరు బారలు. మా లెక్కా అదే." పదేళ్లు నిండిన పిల్లలకు జూనియర్ సర్టిఫికెట్ ఇస్తారని, పెద్దవాళ్లు పక్కనుంటే 12 మీటర్ల దాకా వెళ్లనిస్తారని చెప్పాను. సంక్రాంతి సెలవుల్లో గురువుగారితో మాట్లాడదాం అన్నాడు మామ. నా సంచిలో ఆరోగ్య వివరాల ఫారం ఖాళీది ఇంకొకటి ఉంది. ఉబ్బసం ఉందా, చెవిలో ఎప్పుడైనా చీము కారిందా, మూర్ఛలేమైనా వచ్చాయా అని నేను ఒక్కో ప్రశ్నా తెలుగులో చదువుతుంటే, అత్త పొయ్యి దగ్గర నుంచే జవాబులు చెప్పింది. ఒక్కదానికే పైకి లేచి వచ్చింది: రెండేళ్ల కిందట ఈ పిల్లకి చెవిపోటు వచ్చింది, ఆ కాగితాలు పెట్టెలో ఉన్నాయి, డాక్టరుకి చూపించాకే సంతకం పెట్టించండి అని.