దగ్గరుంటే చాలనిపించే బిళ్ల

ఈసీజీ బాగానే ఉందన్నారు. థైరాయిడ్ కూడా బాగానే ఉందన్నారు. గ్యాస్ పట్టేసి ఉంటుంది, కంగారు పడకమ్మా అని పంపించేశారు. చాతం నుంచి బంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీలో చెమటలు కారిపోయి, వేళ్లు తిమ్మిరెక్కి, ఊపిరందక, ఇక నా పని అయిపోయిందనుకున్నాను. దాటేది కాస్తంత నీరే. అయినా మధ్యలో దిగలేం కదా! నా ఉద్యోగం ఆవలి ఒడ్డున. అప్పట్నుంచి ముందురోజు రాత్రే దడ మొదలయ్యేది.

పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, మా నోటికింకా అలవాటు కాలేదు) నా వయసువాళ్లకు ఏ భయం పట్టినా సునామీ ఖాతాలోనే వేస్తారు. 2004 డిసెంబర్ 26 పొద్దున ఇల్లు ఊగినప్పుడు, అత్తను చేయిపట్టి మెట్ట మీదికి ఎక్కించింది నేనే. అప్పుడు వణకని చేతులు, ఏ కారణమూ లేకుండా ఫెర్రీలో వణికాయి. శ్రీకాకుళం నుంచి అమ్మ ఫోన్ చేసి దిష్టి తీయించుకోమంది. అదీ అయింది.

తర్వాత ఒక డాక్టరు అల్ప్రజొలామ్ రాశారు. అది పనిచేయలేదని ఎలా అంటాను? అరగంటలో దడ దిగిపోయేది. కొన్నాళ్లకు, వేసుకున్నా వేసుకోకపోయినా పర్సులో అది లేకుండా జెట్టీ వైపు అడుగు పడేది కాదు. ఇంకొన్నాళ్లకు ఒకటి సరిపోవడం మానేసింది. అది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ చూసి అమ్మినా రిజిస్టర్లో రాసుకోవాలి. చీటీ గడువైపోయి మందు దొరకని వారంలో నిద్ర పట్టలేదు, ఒళ్లంతా వణుకు, దడ మునుపటికి రెట్టింపు. జబ్బు ముదిరిందనుకున్నాను. అది మందు ఉన్నపళంగా ఆపినందుకు వచ్చిన బాధ అనీ, అలా ఆపితే కొందరికి ఫిట్స్ కూడా వస్తాయనీ సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాకే తెలిసింది. ఆ గుమ్మం ఎక్కడానికి మా ఆయన ఒప్పుకోలేదు. పిచ్చిదానివా అన్నాడు. ఆడపడుచుని తోడు తీసుకుని వెళ్లాను.

ఆ డాక్టరమ్మ తొందరపడలేదు. పాత మందు ఇమిప్రమిన్ గురించి చెప్పారు. న్యూయార్క్‌లో డోనల్డ్ క్లైన్ అనే వైద్యుడు దాన్ని వాడి చూసినప్పుడు, చచ్చిపోతున్నామంటూ మాటిమాటికీ నర్సుల దగ్గరికి పరిగెత్తే రోగులు కొన్ని వారాలకు పరిగెత్తడం మానేశారట. 1964లో ఆయన దాని గురించి రాశారు. కానీ దాంతో నోరెండిపోవడం, మలబద్ధకం ఎక్కువ, గుండెనూ కనిపెట్టుకోవాలి. అందుకని నాకు సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. అల్ప్రజొలామ్ బదులు నెమ్మదిగా దిగే క్లోనాజెపామ్ ఇచ్చి, దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తామన్నారు.

“మొదటి రెండు వారాలు దడ పెరగొచ్చు, భయపడి మానేయకు” అని ముందే చెప్పారు. పెరిగింది కూడా. వికారం, కాలూ చేయీ ఒకచోట నిలవనివ్వని అలజడి. ఆ ముక్క ముందు చెప్పకపోయి ఉంటే మూడోనాడే మందు చెత్తబుట్టలో ఉండేది. మార్పు తెలియడానికి నెల దాటింది. అదీ ఒక పొద్దున లేవగానే వచ్చింది కాదు. జెట్టీలో క్యూలో నిలబడి, చేపల ధర గురించి పక్కామెతో వాదిస్తూ, దడ సంగతే మర్చిపోయాను. మందు పనిచేస్తున్నా ఫెర్రీ ఎక్కడం నేనే నేర్చుకోవాల్సి వచ్చింది. దడకని అదనంగా బిళ్ల వేసుకోకుండా ఎక్కమనేవారు డాక్టరమ్మ, దడ వస్తే దానంతటదే తగ్గేదాకా దిగకుండా ఉండమనేవారు.

ఇంకొకటుంది. ఆడవాళ్లు అడగరు, చాలామంది డాక్టర్లు చెప్పరు. సెర్ట్రలిన్‌తో కొందరికి మొగుడి మీద కోరిక తగ్గుతుంది. నాకు తగ్గింది. సిగ్గు విడిచి చెప్పాను. మోతాదు ఇంకా పెంచకుండా 50 మిల్లీగ్రాముల దగ్గరే ఉంచి చూద్దామన్నారు, కాస్త నయం.

బాగున్నావు కదా, ఇంకెందుకు అంటాడు మా ఆయన. బాగయ్యాక కూడా కనీసం ఏడాది వాడి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలని డాక్టరమ్మ ఆయనకే నేరుగా చెప్పారు.

అన్నయ్య కూతురి పెళ్లికి ఇక్కడి హడ్డో రేవు నుంచి విశాఖ ఓడకు టికెట్లు తీశాం. ఎటు చూసినా నీళ్లే, ఇంచుమించు మూడు రోజుల ప్రయాణం. వాతావరణం బాగోక ఓడ ఆలస్యమైతే ఎలా అని అడిగితే సెర్ట్రలిన్ ఇంకో రెండు వారాలకు అదనంగా రాసిచ్చారు. క్లోనాజెపామ్ మాత్రం లెక్కకు మించి ఒక్కటీ రాయలేదు.