బండి మీద వెనక సీటు గాలి

భార్యాభర్తలిద్దరూ బండి మీద ఊళ్ళు తిరిగి రావడం ఇప్పుడు మన వైపు మామూలైపోయింది. పిల్లలు చదువులకనీ, ఉద్యోగాలకనీ వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలేది ఇద్దరమే కదా! పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో సర్దుకుని, సీసాలో మజ్జిగ పోసుకుని బయలుదేరితే దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరుకోగల చోట్లు బోలెడున్నాయి. అయితే ఈ ప్రయాణాల్లో మనల్ని బాగా అలసట పెట్టేది ఏమిటనుకున్నారు? గతుకులు కాదు, ఎండ కూడా కాదు. గాలి! బండి దిగాక తల దిమ్ముగా ఉండడం, చెవుల్లో హోరు, మెడనొప్పి, కళ్ళమంట... ఇవన్నీ చాలావరకు గాలి పెట్టే బాధలే. వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం గానీ కాస్త శ్రద్ధ పెడితే వీటిని బాగా తగ్గించుకోవచ్చు.

మాది చెరుకుపల్లి. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. మాకు ఉత్తరాన తెనాలి, తూర్పున రేపల్లె, నైరుతి మూలగా బాపట్ల. దక్షిణాన నిజాంపట్నం, అది దాటితే సముద్రమే. చుట్టూ వరిచేలు, మురుగు కాలవలు, అక్కడక్కడా తాడిచెట్లు. గాలికి అడ్డం పడే కొండా లేదు, గుట్టా లేదు. ఎండెక్కేకొద్దీ సముద్రం మీంచి గాలి మొదలై మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. ముదురు వేసవిలో పడమటి నుంచి వడగాలి. కార్తీకం దాటాక ఈశాన్యం నుంచి చలిగాలి. ఏ వేళకి ఏ వైపు నుంచి వీస్తుందో మా వైపు రైతుని అడిగితే ఇట్టే చెబుతాడు. బండి మీద వెళ్ళేవాళ్ళు కూడా అంతమాత్రం తెలుసుకోవాలని నా ఉద్దేశం.

గాలి లెక్క

గాలి కదలని రోజున బండి గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. మన ముఖానికి తగిలే గాలి వేగం కూడా 60 కిలోమీటర్లే. ఎదురుగాలి 20 ఉంటే రెండూ కలిసి 80. వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం 62 నుంచి 88 కిలోమీటర్ల దాకా ఉంటే దాన్ని తుపాను అంటారు. 89 దాటితే తీవ్ర తుపాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ రోజు కిటికీ రెక్క తియ్యాలంటే భయపడ్డాం. అలాంటి మనమే రేపల్లె రోడ్డు మీద ఎదురుగాలిలో, ఏ అడ్డూ లేకుండా, తుపానంత గాలికి ముఖం అప్పగించి కూర్చుంటున్నాం!

ఇంకో సంగతి. వేగం రెండింతలైతే గాలి తోపుడు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. 40లో వెళ్ళినప్పుడు చల్లగా హాయిగా ఉన్న గాలే 80లో మెడని వెనక్కి లాగుతుంది. అందుకే నేను మా వారితో మొదట చెప్పే మాట, "ఏమండీ, కాస్త నెమ్మదిగా పోనివ్వండి" అని. పైసా ఖర్చు లేని మందు అది!

ముందు వారికి హాయి, వెనక వారికి మోత

రెండేళ్ళ క్రితం మా వారు దూరప్రయాణాలకని పెద్ద బండి తీసుకున్నారు. ఎదురుగాలికి గుండెలు అదురుతున్నాయని ముందు ఒక అద్దం బిగించారు. విండ్ షీల్డు అంటారు దాన్ని. జానెడు పైన ఎత్తు ఉంటుంది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. కార్తీకంలో ఇద్దరం మోపిదేవి బయలుదేరాం. రేపల్లె దాటేసరికి నా తల హెల్మెట్‌లో గిలక్కాయలా ఊగడం మొదలైంది. అంతకు ముందు అద్దం లేనప్పుడు గాలి గట్టిగానే తగిలేది గానీ ఒకే తీరుగా తగిలేది. ఇప్పుడేమో ఒకసారి కుడిపక్క, ఒకసారి ఎడమపక్క, ఎవరో తలమీద మొట్టుతున్నట్టు!

"నాకు బాగానే ఉందిగా!" అన్నారు మా వారు.

ఆయనకి బాగానే ఉంటుంది మరి. వెనక సీటు ముందు సీటు కంటే ఎత్తు. అద్దం పైకి నెట్టిన గాలి ఆయన భుజాల మీదుగా, హెల్మెట్ మీదుగా వచ్చి సరిగ్గా నా ముఖం దగ్గర సుడి తిరుగుతుంది. అద్దాల గురించి చెప్పేవాళ్ళు, అమ్మేవాళ్ళు అందరూ నడిపేవారి ఎత్తు చూస్తారు గానీ వెనక కూర్చున్న మనిషిని లెక్కలోకి తీసుకోరు. ఆ రాత్రి ఇంటికొచ్చాక తలనొప్పితో అన్నం కూడా తినలేకపోయాను. "ఇకమీదట మీరు బండి మీద రండి, నేను బస్సులో వస్తాను" అనేశాను. అన్నానే గానీ మనసు ఒప్పుకోలేదు. ఏడాది పొడుగునా వంటింటి గట్టు, పెరడు తప్ప వేరే లోకం లేని నాకు, నెలకో రెణ్ణెల్లకో వచ్చే ఈ ప్రయాణమే ఊపిరి. దాన్ని ఒక అద్దం ముక్క కోసం వదులుకోవాలా?

కట్టెల పొయ్యి దగ్గరే ఉంది కిటుకు

పెరట్లో కట్టెల పొయ్యి మీద వండిన వాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. గాలి కొట్టకుండా పొయ్యికి ఒక రేకు అడ్డం నిలబెడతాం. మంట నిలవదు సరికదా, పొగ రేకు వెనకే సుళ్ళు తిరిగి మన కళ్ళల్లోకే వస్తుంది. అదే తడిక పెడితే? సందుల్లోంచి కాస్త గాలి దూరుతుంది, మంట నిలకడగా ఉంటుంది. గాలిని పూర్తిగా ఆపేస్తే రేకు వెనక ఒత్తిడి తగ్గి, చోటు వెలితి పడుతుంది. పైనుంచీ పక్కలనుంచీ గాలి ఆ వెలితిలోకి ఎగబడుతుంది. అదే సుడి. బండి అద్దమైనా అంతే. అందుకే మంచి అద్దాలకి కిందో మధ్యలోనో కొంచెం సందు వదులుతారు. ఆ సందులోంచి వచ్చే గాలి వెనక వెలితిని నింపుతుంది. అనవసరంగా గాలి వస్తోందని దాన్ని మూసెయ్యకండి.

మరి ఏ ఎత్తులో పెట్టాలి? మేం చేసింది చెబుతాను. స్వెట్టరు అల్లగా మిగిలిన ఎర్ర ఊలు బెత్తెడు ముక్కలుగా కత్తిరించి అద్దం పై అంచుకి, మా వారి భుజాలకి, ఆయన హెల్మెట్ వెనకా టేపుతో అంటించాను. తెల్లవారుజామున వాహనాలు లేని రోడ్డు మీద 50 వేగంలో పోనిచ్చి, వెనక నుంచి నేను చూస్తూ కూర్చున్నాను. పోగు తిన్నగా వెనక్కి సాగి ఉంటే అక్కడ గాలి సాఫీగా పోతున్నట్టు. గిజగిజలాడుతుంటే సుడి ఉన్నట్టు. భుజాల మీది పోగులు తిన్నగానే ఉన్నాయి. హెల్మెట్ వెనకవి మాత్రం చేపపిల్లల్లా కొట్టుకుంటున్నాయి. వెనక్కి తిరిగి చూడలేని ఆయనకి ఇది ఎప్పటికీ తెలిసేది కాదు!

తర్వాత మెకానిక్ దగ్గర మూడు మార్పులు చేయించాం. అద్దం వాలు కొంచెం మార్చి, పై అంచుకి చిన్న అదనపు ముక్క తగిలించాం. ఇద్దరి మధ్యా ఉండే సంచిని నా వెనక్కి మార్చి నేను ముందుకి జరిగి కూర్చున్నాను. మధ్యలో ఖాళీ ఎంత తక్కువైతే సుడి అంత తక్కువ. అయితే ఒక జాగ్రత్త. అద్దం ఎంత పెంచినా దాని పై అంచు నడిపేవారి ముక్కు కంటే కిందే ఉండాలి. రోడ్డుని అద్దం మీదుగా చూడాలి గానీ అద్దంలోంచి కాదు. వానలోనూ, రాత్రిపూట ఎదుటి బండ్ల లైట్లలోనూ అద్దంలోంచి చూస్తే ఏమీ కనపడదు.

పెనుమూడి వంతెన మీద

మేం మోపిదేవి వెళ్ళే దారి చెప్పలేదు కదూ! రేపల్లె దాటి పెనుమూడి చేరితే అక్కడ కృష్ణ మీద పొడవాటి వంతెన. అవతలి ఒడ్డున పులిగడ్డ, అక్కడికి కాసేపట్లోనే మోపిదేవి. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి అక్కడ పాము చుట్టల మీద లింగాకారంలో ఉంటాడు. నాగుల చవితికి ఇసుక వేస్తే రాలదు. ఆ వంతెన మీద నుంచి చూస్తే కృష్ణమ్మ సముద్రంలో కలవబోయే ముందు ఎంత వెడల్పుగా, ఎంత నిదానంగా ఉంటుందో! అవతల దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తల్చుకుంటే ఇప్పటికీ మా పెద్దవాళ్ళ గొంతులు పూడుకుపోతాయి.

వంతెన ఎక్కేదాకా ఇళ్ళూ చెట్లూ కొంత అడ్డం ఉంటాయి. ఎక్కగానే ఏ మరుగూ ఉండదు. మధ్యాహ్నం అయితే సముద్రపు గాలి కుడిపక్క నుంచి కొడుతుంది. ఎదురుగాలికి సాయపడే అద్దమే పక్కగాలికి తెరచాపలా పనిచేసి బండిని తోసేస్తుంది. అప్పుడు నడిపేవారు వేగం తగ్గించాలి, హ్యాండిల్ బిగబట్టకూడదు. వెనక మనం బెదిరి ఇటూ అటూ కదలకుండా, ఆయన ఎటు వాలితే అటే ఉండాలి. లారీ పక్కనుంచి వెళ్ళేటప్పుడు కాసేపు గాలి ఆగుతుంది. లారీ దాటగానే ఒక్కసారి చెంపదెబ్బలా తగులుతుంది. అందుకని వంతెనల మీద ముందు బండిని దాటే ఆలోచన అసలు వద్దు. మేమైతే పొద్దున తొమ్మిదిలోపే వంతెన దాటేలా బయలుదేరుతున్నాం.

కొంగు, చున్నీ జాగ్రత్త

గాలి పెట్టే బాధలన్నిటిలోకీ ప్రాణం మీదికి తెచ్చేది ఇది. కొంగు గాని చున్నీ గాని ఎగిరి వెనక చక్రంలో పడితే రెప్పపాటులో మెడకి బిగుసుకుంటుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆధారం, వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి. శారీ గార్డు అంటామే, అదే. అందం చెడుతోందని దాన్ని ఊడదీయించే మగవాళ్ళున్నారు. తియ్యనివ్వకండి.

దూరప్రయాణానికి నేను చీర మానేసి చుడీదారు వేసుకుంటున్నాను. చున్నీ బదులు పైన చొక్కాలాంటి కోటు. జడ ముడిచి హెల్మెట్ కింద దోపుకుంటాను. "నలభై దాటాక ఇదేం వేషమే? అటో కాలు ఇటో కాలు వేసుకుని!" అన్నారు మా పక్కింటి పిన్నిగారు. ఒకవైపుకి తిరిగి కూర్చుంటే గాలికి మన ఒళ్ళంతా పక్కకి తెరుచుకుని ఉంటుంది, పట్టు కూడా దొరకదు. ఆ మాటే ఆవిడకి నెమ్మదిగా చెప్పాను. మొన్న వాళ్ళ కోడలికి చుడీదారు కుట్టించారు ఆవిడే!

హెల్మెట్ వెనకవారికీ తప్పనిసరి, చట్టమే చెబుతోంది. ఐఎస్ఐ గుర్తున్నది, ముఖమంతా కప్పేది తీసుకోండి. వదులుగా ఉంటే గాలి కిందనుంచి దూరి పైకి లేపుతుంది. పెట్టుకుని తల ఊపితే హెల్మెట్ తలతోపాటే కదలాలి.

ఎండాకాలం వేరే లెక్క

చలికాలంలో ప్రాణం పోసిన అద్దమే మే నెలలో ఉక్కపోత పెడుతుంది. ఊడదీయడానికి వీలుంటే పై ముక్క తీసేయండి. కానీ గాలి తగిలితే చాలు చల్లబడతామనుకోకండి. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. బయట 42 ఉన్నప్పుడు తగిలే గాలి ఒంటిని వేడెక్కిస్తుంది. పైగా చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గడం మనకి తెలియదు. పొడుగు చేతుల నూలు బట్టలు వేసుకుని, దాహం వేసినా వెయ్యకపోయినా అరగంటకోసారి ఆగి ఉప్పేసిన మజ్జిగ తాగాలి. పదకొండు నుంచి నాలుగు దాకా ప్రయాణం పెట్టుకోకపోవడమే మేలు.

అద్దం తుడవడం కూడా మన పనే కదా! మునిమాపు వేళ చేలమీద పురుగులు వచ్చి అద్దానికి అంటుకుపోతాయి. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. పాత పంచె ముక్క తడిపి పది నిమిషాలు అద్దం మీద పరిచి ఉంచండి. నానాక కాస్త సబ్బునీళ్ళతో మెత్తగా తుడిచెయ్యండి. పెట్రోలు వాడకండి, అద్దం మసకబారుతుంది.

సూర్యలంక సరుగుడు తోటలు

మార్పులన్నీ చేయించాక మేం మొదట వెళ్ళింది సూర్యలంక. బాపట్లలో క్షీర భావనారాయణస్వామిని దర్శించుకుని, అక్కణ్ణించి తొమ్మిది కిలోమీటర్లు. ఎడమవైపు నుంచి ఎదురుగాలి. తల ఊగలేదు. హోరు పూర్తిగా పోలేదు గానీ మా వారు అన్న మాట నాకు వినపడింది, నేనన్నది ఆయనకి వినపడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో బండి మీద మేం మాట్లాడుకుంటూ వెళ్ళడం అదే మొదలు!

ఒడ్డు దగ్గర సరుగుడు తోటలో కూర్చుని పులిహోర తిన్నాం. ఇసుకలో గాలి చెంపలు వాయిస్తోంది, చెట్ల మధ్యకి రాగానే అదే గాలి పైరగాలిలా తగిలింది. సరుగుడు గాలిని గోడలా ఆపదు. సన్నటి ఆకుల్లోంచి జల్లెడ పట్టి పంపిస్తుంది. తీరం పొడుగునా వాటిని పెంచేది అందుకే.

సోదరీమణులారా, మీ ఇంట్లోనూ బండికి అద్దం కొనే ఆలోచన ఉంటే, మీరు కూడా హెల్మెట్ పెట్టుకుని షాపుకి వెళ్ళండి. అద్దం బిగించాక వెనక సీటు మీద కూర్చుని ఒక చుట్టు తిరిగి రండి. మీ తల నిలకడగా ఉంటేనే డబ్బులు ఇవ్వమనండి.