రెండు ఎంబీల గడప

అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, దశావతారాలు... కొండపల్లి బొమ్మ ఏదైనా తొందరపడితే తయారవదు. తెల్లపొణికి కర్రలో తడి పోయేదాకా ఆగాలి. కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతకాలి. సుద్ద పూసి, ఆరాక రంగులద్దాలి. అంత ఓపికున్న ఇంట్లోనూ చిరాకు తెప్పించే పని ఒకటుంది. సొంత వెబ్‌సైట్లో ఆ బొమ్మ ఫొటో పెట్టడం!

బొమ్మల దుకాణం నడిపే ఓ కుటుంబాన్ని ఊహించుకోండి. దసరా బొమ్మల కొలువులకు ఇంకా నెల రోజులే గడువు. డిగ్రీ చదివే అమ్మాయి సెల్‌ఫోన్‌తో కొత్త బొమ్మలన్నిటికీ ఫొటోలు తీసింది. ఒక్కోటీ నాలుగు ఎంబీలు. సైట్లో పెట్టబోతే ఒక్కటీ ఎక్కదు. ‘ఫైలు పెద్దదిగా ఉంది’ అంటుంది తెర. ‘సైటు చేసిన కుర్రాడికి ఫోన్ చెయ్యమ్మా’ అంటాడు నాన్న. ఆ కుర్రాడేమో ఫోనెత్తడు. సీజను మాత్రం ఆగదు.

తప్పు అమ్మాయిదీ కాదు, ఫోనుదీ కాదు. చాలా వెబ్‌సైట్ల వెనక సర్వర్లో పనిచేసేది పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాష. రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత హోమ్‌పేజీ కోసం రాసుకున్న చిన్నచిన్న ప్రోగ్రాములను 1995లో అందరికీ ఇచ్చేశాడు. అవే పెరిగి పెద్దవై ఈ భాష అయ్యాయి. వర్డ్‌ప్రెస్‌ను రాసిందీ ఇందులోనే. బయట నుంచి వచ్చే ఒక్కో ఫైలు 2 ఎంబీలు, ఒకసారి పంపే ఫారం మొత్తం 8 ఎంబీలు దాటకూడదన్నది దీని మామూలు లెక్క. ఫారం ఆ గీత దాటిందా... ఫొటోలతోపాటు టైపు చేసిన పేరు, ధర కూడా గల్లంతే!

ఈ లెక్క మార్చడానికి ఇంజినీరే రానక్కర్లేదు. హోస్టింగ్ కంపెనీ ఇచ్చే కంట్రోల్ ప్యానెల్ తెరవాలి. అది సీప్యానెల్ అయితే ‘మల్టీ పీహెచ్‌పీ ఐఎన్‌ఐ ఎడిటర్’ అని ఉంటుంది. అందులో సైటు పేరు ఎంచుకుని, ‘అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్’ ఎదురుగా 8 ఎంబీలు, ‘పోస్ట్ మ్యాక్స్ సైజ్’ ఎదురుగా 32 ఎంబీలు వేసి ‘అప్లై’ నొక్కితే చాలు. రెండోది ఎప్పుడూ మొదటిదానికన్నా పెద్దదిగానే ఉండాలి. బొమ్మకన్నా సంచి చిన్నదైతే ఎలా పడుతుంది?

అలాగని ఏకంగా 500 వేసేయడం తెలివి కాదు. చౌక ప్లాన్లలో ఒకే సర్వర్‌ మీద ఎన్నో సైట్లు కాపురముంటాయి. అపార్టుమెంటులో అందరికీ ఒకే నీళ్ల ట్యాంకు ఉన్నట్టే! అందుకే కంపెనీలు కూడా పరిమితులు పెడతాయి. పైగా బరువైన ఫొటో కొనేవాళ్ల ఫోన్లో తెరుచుకోవడానికీ ఆలస్యమవుతుంది. ఫొటోను తగ్గించి పెట్టడం, గడపను కాస్త వెడల్పు చేయడం... రెండూ కావాలి. అదే ఎడిటర్లో ‘డిస్‌ప్లే ఎర్రర్స్’ను ఆపేసి ఉంచడమూ మంచిదే. లేదంటే సర్వర్లోని ఫైళ్ల చిరునామాలు దారినపోయే ప్రతివాళ్లకూ కనపడతాయి.

ఇంతకీ అసలు చిక్కు అంకెల్లో లేదు. ఆ ప్యానెల్ పాస్‌వర్డు ఎవరి దగ్గరుంది? సైటు చేసినవాళ్ల దగ్గరే ఉండిపోతే ప్రతి చిన్న మార్పుకీ వాళ్ల కోసం ఎదురుచూడాల్సిందే. డొమైన్ కూడా వాళ్ల పేరునే ఉంటే దుకాణం బోర్డు పరాయివాళ్ల పేరున ఉన్నట్టే. ఉలినైనా కుంచెనైనా తన చేతికి అందేలా పెట్టుకునే బొమ్మల కళాకారుడికి ఈ సంగతి వేరే చెప్పాలా? ముందు ఆ తాళంచెవి ఇంట్లోకి రావాలి. రెండు అంకెలు మార్చడం ఆ తర్వాత రెండు నిమిషాల పని.