నీటి యడుగున కొల్లూరు

కోహినూరు పేరు విననివారు మనలో నుండరు. 1849లో పంజాబు రాజ్యముతోపాటు ఆంగ్లేయుల వశమైన యా వజ్రము నేడు లండను కోటలో నొక కిరీటమునం దున్నది. దానికి పుట్టినిల్లని పెద్దలు చెప్పు కొల్లూరు మాత్రము మన కృష్ణ యొడ్డుననే, విజయవాడకు నెగువను గలదని యెరిగినవారు కొలదిమందియే.

గడచిన వేసవిలో మేము అమరావతి మీదుగా నచటికి బోయితిమి. గనులను జూడబోయిన మాకు నీరే కానవచ్చినది. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయమున కొల్లూరు మునిగిపోయినది.

17వ శతాబ్దమున నీ గనులను దర్శించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, ఇచట స్త్రీలు, పిల్లలతో గూడ నించుమించు 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. మగవారు త్రవ్విన మట్టిని స్త్రీలును బిల్లలును మోసి, చుట్టును గోడ కట్టిన మడిలో బోసెడివారట. నీటితో నానబెట్టి, బురదనీటిని వదలివేసి, మిగిలిన యిసుకను ఎండబెట్టి, ధాన్యమువలె చెరిగెడివారట. గడ్డలను రోకళ్లతో దంచి, మరల చెరిగి, కడపట రాళ్లేరెడివారట.

సోదరీమణులారా! ఇందు మన మెరుగని పని యేది? కడుగుట, ఎండబెట్టుట, దంచుట, చెరుగుట, ఏరుట, ఇవి యన్నియు మన యింటి పనులే. మనము బియ్యములోని రాతిని బారవేయుదుము. వారు రాతికొరకే చెరిగిరి. దొరికిన రత్నములు వర్తకులకును బ్రభువులకును జేరినవి. తరువాత గనులు వట్టిపోయినవి. ఆ జనసమ్మర్దమంతయు జెదరిపోయి, కొల్లూరు చిన్న పల్లెగా మిగిలినది. ఇప్పు డాపల్లెయు లేదు.

గట్టున గేదెలను మేపుచున్న యొక వృద్ధురాలిని “కొల్లూరెక్కడ, అవ్వా?” యని యడిగితిమి. ఆమె నీటివైపు చేయి చూపి, “అదిగో, ఆ నీళ్ల అడుగున. మా ఇల్లూ, పొలమూ అక్కడే. మీదే ఊరమ్మా?” యనెను. విజయవాడ దిగువ నని చెప్పితిమి. “మీ చేలకి నీళ్లు బాగా అందుతున్నాయా?” యని యడిగెను. అందుచున్నవంటిమి. “అయితే మంచిదే,” యని గేదెల వెంట బోయెను.

కృష్ణా డెల్టాలో సుమారు 13 లక్షల యెకరములకు సకాలమున నీరందించుటకే యీ జలాశయమును గట్టిరి. మనము వండుకొను నన్నములో నామె పొలము గూడ నున్నదన్నమాట.

కోహినూరును మరల దెప్పింపవలెనని మనవారు కోరుట న్యాయమే. కాని యా వజ్రమునకు బేరున్నది, చరిత్రయున్నది. మట్టి మోసిన స్త్రీలకు బేరు లేదు. ఇల్లు విడిచిన యీ వృద్ధురాలి పేరు నడుగువారు లేరు. పిల్లలకు కోహినూరు కథ చెప్పునపుడు, తల్లులారా, వీరి కథయు జెప్పుడు.