విద్రుమ దర్శనము

పగడానికి సంస్కృతంలో రెండు పేర్లు ప్రసిద్ధమైనవి. ఒకటి ప్రవాళము, రెండవది విద్రుమము. అమరకోశం ఈ రెంటినీ పర్యాయపదాలుగా ఒకేచోట చెప్పింది. ప్రవాళమనే మాటకు లేతచిగురు అనే అర్థం కూడా ఉన్నది. విద్రుమమంటే విశిష్టమైన ద్రుమము, అనగా ఒకానొక ప్రత్యేకమైన చెట్టు అని మా గురువుగారు వ్యుత్పత్తి చెప్పేవారు. ముప్పైనాలుగేళ్ళ ఉద్యోగంలో, నాయిక పెదవిని పగడంతో పోల్చిన పద్యం తగిలినప్పుడల్లా నేనూ పిల్లలకు ఆ వ్యుత్పత్తినే చెప్పాను. నాకు తెలిసిన పగడాలు మాత్రం రెండే. మా అమ్మ మెడలో నల్లపూసల నడుమ కూర్చినవి.

2025 జనవరిలో, అరవై ఎనిమిదవ యేట, ఆ పగడపు జ్ఞాతులను ప్రాణంతో ఉండగా చూచే యోగం పట్టింది. అదీ ఎక్కడో కాదు, సముద్రగర్భంలో! కరీబియన్ సముద్రంలోని బొనైర్ అనే చిన్న ద్వీపంలో గడిపిన ఎనిమిది రోజుల సంగతులు మిత్రులతో పంచుకోవాలని ఈ టపా.

దీనికంతటికీ కారణం హ్యూస్టన్‌లో ఉంటున్న మా అమ్మాయి. గాలిబుడ్డి వీపున కట్టుకొని నీటి అడుగున తిరిగే స్కూబా డైవింగ్ ఆమె నేర్చుకొని చాలా కాలమయింది. 2018లో తొలిసారి బొనైర్ వెళ్ళివచ్చి, అక్కడి పగడపుదిబ్బల గూర్చి గంటసేపు ఫోనులో చెప్పింది. ఈసారి మేము అమెరికా వెళ్ళినప్పుడు, "నాన్నగారూ, మీ మోకాళ్ళూ ఆ పగడాలూ రెండూ ఇంకెన్నాళ్ళు బాగుంటాయో చెప్పలేను. రెండూ ఉండగానే చూద్దాం పదండి" అన్నది. గుండె, ఊపిరితిత్తులు పరీక్షించి వైద్యుడు సంతకం పెట్టాడు. మా ఆవిడ మాత్రం, "కాశీలో మూడు మునకలు వేయమంటే చలి అన్న మనిషి, ఇప్పుడు సముద్రం అడుగుకు బయలుదేరారు!" అని ఆశ్చర్యపోయింది.

బొనైర్ వెనిజువేలా తీరానికి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. వైశాల్యం 290 చదరపు కిలోమీటర్లకు కొంచెం అటూయిటూ. 2010 అక్టోబరు 10 నుండి నెదర్లాండ్స్ దేశంలో ప్రత్యేక పురపాలకంగా ఉన్నది. దీవి అనగానే కొబ్బరితోటలు ఊహించుకున్న నాకు ఎక్కడ చూచినా జెముడు చెట్లు, మేకలు, గాడిదలు కనిపించాయి. అనంతపురం పల్లె నొకదాన్ని తెచ్చి సముద్రం నడుమ పెట్టినట్లున్నది. ఆ ఎండుదనమే దానికి వరమని తరువాత తెలిసింది. వానలు తక్కువ గనుక బురదనీరు సముద్రంలో అంతగా కలవదు. నీరు స్ఫటికంలా ఉంటుంది. గాలివాటుకు మరుగైన పడమటి తీరంలో పగడపుదిబ్బ ఒడ్డుకు అతి చేరువగా మొదలవుతుంది. పడవ అక్కరలేదు, నడచి దిగవచ్చు. ముఖ్యపట్టణం పేరు క్రాలెండైక్. డచ్చి భాషలో పగడపు గట్టు అనే అర్థమిచ్చే మాటనుండి పుట్టిందట. ఊరి పేరులోనే పగడమున్నదన్న మాట!

దిగవలసిన చోట్లకు గుర్తుగా రోడ్డుపక్కన పచ్చరంగు పూసిన రాళ్ళు పెట్టారు, ఒక్కొక్క రాతిమీద ఒక్కొక్క పేరు. పసుపు పూసిన పోలేరమ్మ రాయిలాగే ఉన్నాయి. కారులోనుంచి మొదటి రాయి కనబడగానే మా ఆవిడ చెయ్యి తనంతట తానే లేచింది. అమ్మాయి నవ్వి, "దణ్ణం పెట్టుకో అమ్మా, తప్పులేదు" అన్నది.

నాకు నేర్పినవాడు ఆ దీవి కుర్రవాడు. వారి మాతృభాష పాపియమెంటు. పోర్చుగీసు, స్పానిషు, డచ్చి, ఆఫ్రికా భాషల కలయికతో పుట్టినది. ఉదయం కనిపిస్తే 'బోన్ దియా', మేలు చేస్తే 'మాశా డంకి'. చుట్టుపక్కల దీవులన్నీ కలిపి మూడు లక్షలమంది మాట్లాడే ఆ భాషకు అధికార గుర్తింపు ఉన్నది, బడిలో చోటున్నది. విశ్రాంత తెలుగు పండితుడు ఈ మాట విని కాసేపు మౌనం వహించాడని మాత్రం వ్రాసి ముందుకు పోతాను.

ఆ కుర్రవాడు నడుములోతు నీళ్ళలో నిలబెట్టి చెప్పిన మొదటి సూత్రం ఇది: ఎట్టి పరిస్థితిలోనూ ఊపిరి బిగబట్టరాదు. నేను పాతికేళ్ళుగా రోజూ ప్రాతఃకాలంలో ప్రాణాయామం చేస్తున్నవాడిని. పూరకం, కుంభకం, రేచకం ఒకదాని వెంట ఒకటి ఒంటికి పట్టిపోయాయి. ఇక్కడ పూరకం, రేచకం ఉన్నాయి గాని కుంభకం నిషిద్ధం! కారణం అడిగితే చక్కగా వివరించాడు. నీటిలో 10 మీటర్లు దిగేసరికి ఒంటిమీది ఒత్తిడి నేలమీదికంటె రెట్టింపవుతుంది. అక్కడ మనం పీల్చే గాలి ఆ ఒత్తిడికి తగినట్లు కుదించుకొని ఉంటుంది. ఆ గాలిని రొమ్ములో బిగించి పైకి వస్తే అది రెట్టింపు పరిమాణానికి ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చగలదు. అందుచేత తీసుకోవడం, విడవడం, అంతే. దాచుకోవడం లేదు. వేదాంతం చెప్పాలని అతడు చెప్పలేదు గాని నాకు అలాగే వినిపించింది.

రెండవ పాఠం సంజ్ఞలు. బొటనవ్రేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని. బొటనవ్రేలి కొనను చూపుడువ్రేలి కొనకు తాకించి సున్నా చుట్టితే 'క్షేమం' అని. అచ్చం చిన్ముద్ర! దక్షిణామూర్తి మౌనవ్యాఖ్య చేసినట్లు, నీటి అడుగున ఎవరు ఎదురుపడినా చిన్ముద్ర పట్టవలసిందే. ముప్పైనాలుగేళ్ళు గొంతు అమ్ముకొని బ్రతికిన నాకు మాట అవసరం లేని చోటు చూడడం అదే మొదలు.

దిగేటప్పుడు రెండు మూడు మీటర్ల వద్దనే చెవులు పోటెత్తాయి. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే కుడిచెవి వెంటనే తెరుచుకున్నది, ఎడమచెవి మొండికేసింది. అమ్మాయి నా మణికట్టు పట్టుకొని ఒక మీటరు పైకి తెచ్చి, మళ్ళీ దింపి, మళ్ళీ పైకి తెచ్చి, ఓపికగా ఆ చెవికోసం కాచుకున్నది. ఆమెకు సైకిలు నేర్పిన రోజుల్లో సీటు వెనుక పట్టుకొని పరుగెత్తింది నేను. ఆ చెయ్యి ఇప్పుడు అటునుంచి ఇటు మారింది.

చెవి తెరుచుకున్న తరువాత కన్ను తెరుచుకున్నది. ముందుగా వినిపించిందొక చప్పుడు. అప్పడం నమిలినట్లు కరకర. నీటిలో ధ్వని గాలిలోకంటె నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది గనుక ఏ దిక్కునుంచి వస్తున్నదో చెవికి అంతుపట్టదు. అమ్మాయి చూపించింది: చిలుకచేప. చిలుకముక్కువంటి పళ్ళతో పగడపురాతిని కొరికి, దానిమీది నాచును తిని, రాతిపొడిని ఇసుకగా విసర్జిస్తుంది. వేడినేలల సముద్రతీరాలలో మనం మురిసిపోయే తెల్లని ఇసుకలో చాలాభాగం ఈ చేపల ప్రసాదమేనట! నాచు పెరిగితే పగడానికి ఊపిరాడదు గనుక ఈ చేపను పట్టడాన్ని అక్కడ 2010లోనే నిషేధించారు.

ఇక పగడం. చెట్టు కాదు, రాయి కాదు, జంతువు. గోటికొన పాటి మెత్తని ప్రాణులు వేలాదిగా గుమికూడి, సముద్రజలంలోని సున్నంతో తమకింద తామే ఇల్లు కట్టుకుంటాయి. వాటి శరీరాలలో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. అవి ఎండతో ఆహారం వండి యజమానికి పెడతాయి. అంటే జంతువు, దానిలో మొక్క, క్రింద రాయి. మూడూ కలిసి ఒక్కటి. ఆ శైవలాల వలననే ఇక్కడి పగడాలకు తేనెరంగు, ఆవపిండిరంగు, ముదురాకుపచ్చ వచ్చాయి. మన ఉంగరాలలోని కుజగ్రహపు ఎర్రపగడం వేరు. అది మధ్యధరా సముద్రపు సొత్తు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంనాడే ఓడలమీద మన రేవులకు దిగుమతి అయ్యేదని 'పెరిప్లస్' అనే గ్రీకు నౌకాయాన గ్రంథం సాక్ష్యమిస్తున్నది.

ఎరుపుమాట వచ్చింది గనుక ఒక చిత్రం. పది మీటర్ల లోతున ఎరుపు ఉండదు. సూర్యకాంతిలోని ఎరుపును నీరు అన్నిటికంటె ముందు మింగేస్తుంది. మసిగుడ్డలా ఉన్న ఒక స్పంజిక మీద అమ్మాయి టార్చిలైటు వేసింది. కుంకుమ! దీపం తీయగానే మళ్ళీ మసి. రంగు అక్కడే ఉన్నది, చూపే వెలుగు లేదు.

మూడవనాడు అమ్మాయి నన్నొక చోటికి తీసుకొనిపోయి ఆగింది. స్తంభాల వంటి పగడాలు గుంపుగా నిలబడి ఉన్నాయి, కోట శిథిలమైనట్లు. వాటిమీద బూడిదరంగు నాచు పాకింది. ఆమె వాటికేసి చూపి, అరచేతిని అడ్డంగా ఊపింది. ఒడ్డుకు వచ్చాక చెప్పింది. 2018లో అవి ప్రాణంతో ఉన్నాయట. పట్టపగలే సన్నని తంతువులు చాచి బొచ్చు కప్పుకున్నట్లుండేవట. రాతిపగడాల మాంసాన్ని హరించే వ్యాధి ఒకటి 2014లో ఫ్లోరిడాలో బయటపడి, దీవినుంచి దీవికి ప్రాకి, 2023 మార్చిలో బొనైర్ చేరింది. స్తంభపు పగడాలకూ, మెదడు ఆకారపు పగడాలకూ అది మృత్యువే. అదే సంవత్సరం సముద్రం మితిమీరి వేడెక్కింది. వేడికి తాళలేక పగడం తనలోని శైవలాలను వెళ్ళగొట్టి, పాలిపోయి, ఆకలితో మాడుతుంది. ఆ దీవివారు నిర్లక్ష్యం చేసినవారు కారు. 1971లోనే ఈటెలతో చేపల వేట మాన్పించారు. 1979లో తీరం చుట్టూ 60 మీటర్ల లోతువరకు సముద్రాన్ని రక్షితవనం చేశారు. లంగరు వేయనివ్వరు, చేతులకు తొడుగులు వేసుకోనివ్వరు. తొడుగుంటే పగడాన్ని పట్టుకోబుద్ధి అవుతుంది గదా! మేము వెళ్ళినప్పుడు నీటినుంచి వచ్చినవారు తమ సామగ్రిని క్రిమిసంహారక జలంలో ముంచుతుండేవారు. ఇంత కాపలా కాసినా గాలినీ నీటినీ పట్టుకొని వచ్చే ఆపదకు వాకిలి వేయలేకపోయారు.

"మీకు అవి చూపించాలనే తీసుకొచ్చాను నాన్నగారూ" అన్నది అమ్మాయి. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరమూ ఎక్కువ మాట్లాడలేదు.

ఐదవనాటి ఉదయం చూచినది లేకపోతే ఈ టపా వ్రాసేవాడిని కాదేమో. లోతు ఎక్కువ లేని ఇసుకనేల మీద చెట్లున్నాయి! నిజంగా చెట్లే. నిలువునా ఒక కంబము, దానికి అడ్డంగా కొమ్మల్లా సన్నని కడ్డీలు. అడుగున నేలకు త్రాటితో కట్టి, నీటిలో నిటారుగా నిలిచేందుకు పైన తేలుడుబుడ్డి అమర్చారు. ప్రతి కొమ్మకూ దారాలతో పగడపు ముక్కలు వ్రేలాడుతున్నాయి. లేడికొమ్ము పగడం అంటారు వాటిని. 1980 ప్రాంతాల్లో వచ్చిన మరొక తెగులుతో కరీబియన్ అంతటా ఈ జాతి చాలవరకు తుడిచిపెట్టుకొని పోయింది. రీఫ్ రెన్యువల్ ఫౌండేషన్ అనే సంస్థవారు 2012 నుండి అక్కడ ఇలా నారు పోస్తున్నారు. మునగకొమ్మ విరిచి నాటితే చిగిర్చినట్లు, ఈ పగడపుముక్క ఏడాదికి 10 నుండి 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. పెరిగినదాన్ని మళ్ళీ తుంచి కొన్ని ముక్కలు చెట్టుకు కడతారు, కొన్నిటిని దిబ్బమీద నాటుతారు. ఇలా వేలాది పిలకలు నాటారు. మొన్న వచ్చిన వ్యాధి ఈ జాతిని అంటుకోదు. వేడి మాత్రం దీనినీ బాధిస్తుంది. అయినా మానలేదు.

అమ్మాయి దగ్గరకు రమ్మని సైగచేసి ఒక ముక్క కొనను చూపించింది. తక్కినదంతా తేనెరంగులో ఉంటే కొస మాత్రం లేతగా, తెల్లగా ఉన్నది. పెరుగుదల అక్కడే. ఇంకా శైవలాలు చేరని కొత్త భాగం. చిగురు!

విద్రుమము, ప్రవాళము. చెట్టు, చిగురు. ఏ పండితుడు ఏ ఊహతో ఆ పేర్లు పెట్టాడో గాని, రెండర్థాలూ నా కళ్ళెదుట నీటిలో మెల్లగా ఊగుతున్నాయి. అమ్మాయి చిన్ముద్ర పట్టి నా కళ్ళలోకి చూచింది. నేనూ పట్టాను. ముఖానికి అద్దం ఉన్నది గనుక కన్ను చెమర్చినా తుడుచుకొనే వీలు లేదు.

విమానమెక్కే ముందు కనీసం 18 గంటలు నీటిలో దిగరాదు. రక్తంలో కరిగిన నత్రజని మెల్లగా విడిపోవాలి. అందుచేత ఆఖరిరోజు నేలమీదనే తిరిగి, దీవి దక్షిణపు కొసన ఉప్పుమడులు చూచాము. చినగంజాం ఉప్పుమడుల పక్కన పెరిగిన నాకు ఆ తెల్లని రాశులు చుట్టాల్లా కనిపించాయి. మడులలోని నీరు గులాబీరంగులో ఉన్నది, దూరాన రాజహంసల గుంపులు నిలుచున్నాయి. ఒడ్డునే వరుసగా చిన్న చిన్న గూళ్ళు. 1850లో ఉప్పు తీసే బానిసలకోసం కట్టినవి. ద్వారం నా నడుమెత్తు కూడా లేదు, వంగి పాకవలసిందే. వారాంతంలో మాత్రం వారు గంటల తరబడి నడిచి ఉత్తరాన రింకన్ అనే ఊళ్ళోని ఆలుబిడ్డలను చూచి వచ్చేవారట. 1863 జులై 1న గాని వారికి విముక్తి రాలేదు. ఆ గూళ్ళకు ఎదురుగానే, రాళ్ళు విసిరితే పడేంత దూరంలో, మేము డబ్బిచ్చి దిగి చూచిన ఆ సముద్రమే ఉన్నది. మన నిఘంటువులో సముద్రానికి రత్నాకరమనీ పేరున్నది, లవణసముద్రమనీ ఉన్నది. ఒకే తీరాన రెండు పేర్లూ కనిపించాయి. మా ఆవిడ ఒక గూటి వాకిట చాలాసేపు నిలబడి, "ఇందులో నిటారుగా కూర్చోవడానికైనా వీలుందా?" అని మాత్రం అన్నది.

మిత్రులకొక విన్నపం. ఆ దిబ్బలమీద నేను చూచినవాటిలో సగానికి నా వద్ద తెలుగు మాటలు లేవు. దిబ్బను కట్టే ఆ చిన్నప్రాణిని పగడజీవి అనవచ్చునా? వీపున గాలితో దిగేవారిని జలచారులు అంటే చేపలు ఒప్పుకుంటాయా? మన బెస్తవారి నోట, తీరపు పల్లెల్లో, ఇంతకంటె చక్కని మాటలు తప్పక ఉండి ఉంటాయి. తెలిసినవారు వ్యాఖ్యలలో వ్రాయండి. విద్రుమమనే మాట శతాబ్దాలుగా మన నిఘంటువులలో భద్రంగా ఉన్నది. దానికి అర్థమైనది మాత్రం నీటిలో దారానికి వ్రేలాడుతూ ఏడాదికి జానెడు పెరుగుతున్నది. దానిని కాపాడేవారి చేతులకు నమస్కారం.