నీళ్లు కాని ఐసు

కొరియర్ పెట్టెల లేబుళ్లు అచ్చేసే సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. హైదరాబాద్ ల్యాబుల నుంచి గడ్డకట్టిన శాంపిళ్లు డ్రై ఐస్‌లో వెళ్తాయి. మైనస్ 78.5 డిగ్రీలు. విమానమెక్కాలంటే పెట్టె మీద యూఎన్ 1845, తొమ్మిదో తరగతి ప్రమాద గుర్తు, ఐసు నికర బరువు కిలోల్లో ఉండాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా నా ప్రోగ్రాం కదలనివ్వదు.

ముదిగుబ్బకు వెళ్లినప్పుడు అమ్మకు ఇదంతా చెప్పాను. ఆ ఐసు కరిగి నీళ్లు కాదు, నేరుగా గ్యాసైపోతుందన్నాను.

"నీళ్లు గాని ఐసు ఎందుకు నాయనా?" అంది. మా మూడో బోరు ఎండిపోయిన ఏడాది అది.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇంకోటుంది: పెట్టెను గాలి పోకుండా బిగించకూడదు. గ్యాస్‌కు దారి లేకపోతే పేలుతుంది. అది చెప్తుంటే నాన్న శెనక్కాయలు ఒలవడం ఆపి విన్నాడు. బోరు గురించి ఆయన అప్పటిదాకా ఒక్క మాటా అనలేదు. అప్పెంతని నేనూ అడగలేదు.

ఆ రాత్రి అడిగాను.